కిన్నెరసాని అభయారణ్యమునకు ఒకనాటి ప్రయాణము

పార్కు అను మాట మన భాషలోనికి పట్టణముల వెంట వచ్చినది. కావున ఆ మాట చెవిని పడగానే పిల్లల మనస్సున మెదలునవి పూలపాదులు, సిమెంటు బల్లలు, ఉయ్యెలలు, వేరుసెనగల బండి. అడవిని గూర్చి చెప్పునపుడు ఈ మాటయే అనేకమైన తికమకలకు మూలమగుచున్నది. అమెరికా దేశమున 1872వ సంవత్సరమున యెల్లోస్టోను అను మహారణ్యమును ఆ ప్రభుత్వమువారు జాతీయోద్యానముగా నిర్ణయించి, అమ్మకమునకును ఆక్రమణకును లోనుగాకుండ కాపాడసాగిరి. లోకమున ఇట్టి యేర్పాటులలో అదియే మొదటిదని చెప్పుట వాడుక. అచ్చట ఎవరును పూలపాదులు వేయలేదు. ఉన్నదానిని ఉన్నట్లుండనిచ్చుటయే అచ్చటి తోటపని. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జాతీయోద్యానములనియు, అభయారణ్యములనియు రెండు ముఖ్యమైన యేర్పాటులు కలవు. మొదటిదానిలో పశువులను మేపుకొనుట వంటివి నిషిద్ధములు. రెండవదానిలో అధికారుల యనుమతిమీద కొన్ని హక్కులు నిలిచియుండవచ్చును. వేట రెండింటను నేరమే.

మనకు దగ్గరనున్న కిన్నెరసాని ఈ రెండవ తెగలోనిది. 1977వ సంవత్సరమున దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. విస్తీర్ణము సుమారు 635 చదరపు కిలోమీటర్లు. పాల్వంచకు పన్నెండు కిలోమీటర్ల దూరమున జలాశయమును, దానినంటి జింకల పార్కును కలవు. ఈ జింకల పార్కు కంచె లోపలిది. అడవి కంచె వెలుపల మొదలగును. జింకల పార్కును చూచి, జలాశయపు కట్టమీద ఛాయాచిత్రములు తీసికొని, పులిహోర తిని మరలివచ్చిన పిల్లవానిని "ఏమి చూచితివి?" అని అడిగినచో "జింకలు తప్ప ఏమియు లేవండి" అని బదులు చెప్పును. అట్లు చెప్పిన పిల్లవాడే రేపు పెద్దవాడై, ఏ గనికొఱకో, ఏ రోడ్డుకొఱకో ఆ యడవిని కొట్టివేయవలెనని యెవరైన అన్నప్పుడు, "అవును, అచ్చట ఏమియు లేదు, నేను చూచితిని" అని సాక్ష్యము చెప్పును. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ సాక్ష్యమును దృష్టియందుంచుకొని వ్రాయబడినది. ఒక్క దినములో, మధిరనుండి పోయి వచ్చు విద్యార్థి, అడవిలో ఏమి చూడగలడు? ఎట్లు చూడవలెను?

తలిదండ్రులలో పలువురు పాపికొండలకు ఏల తీసికొనిపోరని అడుగుచుందురు. పాపికొండలు 2008వ సంవత్సరమున జాతీయోద్యానమైనవి. గోదావరి కొండలను చీల్చుకొని పోవు ఆ చోటి సౌందర్యమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. కాని భద్రాచలము దాటి, 2014లో ఆంధ్రప్రదేశమునకు చేరిన మండలములలోనికి పోయి, పడవ యెక్కి, మరల అదే దినము ఇల్లు చేరుట పిల్లలకు మిక్కిలి శ్రమ. అదియునుగాక, 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు దగ్గర వరదపోటుమీదనున్న గోదావరిలో పడవ మునిగి, పదుల సంఖ్యలో జనులు ప్రాణములు గోల్పోయిన సంగతి ఏ తల్లియు మరచియుండదు. పాపికొండలు కుటుంబములతో, రెండు దినముల వ్యవధితో, నది శాంతించిన కాలమున పోదగిన చోటు. నలువది యేబదిమంది పిల్లలను వెంటబెట్టుకొని పోవు ఉపాధ్యాయునికి కిన్నెరసానియే తగును. ఇది నా అభిప్రాయము. నాతో ఏకీభవింపని ఉపాధ్యాయులును ఉన్నారు.

మధిరనుండి వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెముల మీదుగా త్రోవ. మొత్తము నూరు కిలోమీటర్లకు పైబడును. తెల్లవారుజామున అయిదు గంటలకు బస్సు బయలుదేరినచో తొమ్మిది గంటలలోపల చేరవచ్చును. రైలుమీద పోవలెనన్నచో ఖమ్మము మీదుగా డోర్నకలు పోయి, అక్కడ కొత్తగూడెపు బండి పట్టుకొనవలెను. అచ్చటి స్టేషనునకు పేరు భద్రాచలం రోడ్డు. ఊరు మాత్రము కొత్తగూడెము. భద్రాచలము అక్కడికి నలువది కిలోమీటర్ల దూరము. ఆ "రోడ్డు" అను మాటను లెక్కచేయక దిగి, రాముల గుడి యెక్కడనని అడుగు యాత్రికులు నేటికిని కలరు.

ఈ త్రోవలో కంటికి కనబడని వింత యొకటి కలదు. మన యూరి ప్రక్కన పారుచున్నది వైరా యేరు. అది మున్నేటిలో కలియును, మున్నేరు కృష్ణలో కలియును. కావున మధిరలో మన యింటి చూరునుండి జారిన వాననీరు, ఆవిరియై పోక, నేలలో నింకక మిగిలినంతమట్టుకు, హంసలదీవి దగ్గర సముద్రము చేరును. కొత్తగూడెము దగ్గర పారు ముర్రేడు వాగు అట్లుగాక కిన్నెరసానిలో కలియును, కిన్నెరసాని బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలియును. అనగా వైరాకును కొత్తగూడెమునకును నడుమ నెక్కడనో మన బస్సు ఒక గట్టును దాటుచున్నదన్నమాట. ఆ గట్టునకు ఈవల పడిన చినుకు కృష్ణది, ఆవల పడిన చినుకు గోదావరిది. దీనిని భూగోళశాస్త్రమున జలవిభాజక మందురు. పుస్తకములో ఈ పదము చదివిన పిల్లలు అది హిమాలయమువంటి ఎత్తైన దేదో అయియుండునని తలచుదురు. ఇచ్చట బస్సు గేరు మార్చినంత మాత్రము. పటము చేతబట్టుకొని, దాటిన ప్రతి వాగును పేరడిగి, అది యెటు పారుచున్నదో గుర్తుపెట్టుకొన్న పిల్లలకే ఆ గట్టు దొరకును. ఆ పిల్లలకు బస్సులో నిద్రరాదు. (2015లో పట్టిసీమ ఎత్తిపోతల మూలముగా గోదావరి నీటిని కృష్ణకు మళ్లించిరి గనుక, నదులు విడివిడిగనే యుండునను మన పాతపాఠమునకు ఒక సవరణ చేర్చుకొనవలెను.)

కొత్తగూడెము సమీపించగానే నేల రంగు మారును, లారీలు హెచ్చగును. ఇది బొగ్గుసీమ. 1871వ సంవత్సరమున భూగర్భశాఖకు చెందిన కింగుదొరగారు ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించిరి. 1889లో త్రవ్వకము ఆరంభమైనది. సింగరేణి సంస్థకు నేడు కొత్తగూడెమే ముఖ్యస్థానము. బొగ్గు అనగా ఏమి? ఇరువదియైదు ముప్పది కోట్ల యేండ్లనాటి చెట్లు బురదలో పూడిపోయి, పైన పేరుకొన్న మట్టి బరువునకును వేడిమికిని నల్లని రాయిగా మారినవి. కావున కిన్నెరసాని యడవికి పోవుచున్న విద్యార్థి ముందుగా దానికన్న కోట్లయేండ్లు పెద్దదైన అడవిని దాటి పోవుచున్నాడు. అది నేలలోపల నున్నది.

పాల్వంచలో ఆ పాత యడవిని మండించి విద్యుచ్ఛక్తి పుట్టింతురు. కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రమని పేరేగాని, అది యున్నది పాల్వంచలో. 1966లో అచ్చట ఉత్పత్తి మొదలైనది. బొగ్గు మండించి నీటిని కాచి ఆవిరి చేయుదురు. ఆవిరి చక్రమును త్రిప్పును, చక్రము విద్యుత్తును పుట్టించును. పని ముగిసిన యావిరిని చల్లార్చి మరల నీరుగా మార్చుకొనుటకు వేరుగ చల్లని నీరు కావలెను. ఇందుకే కిన్నెరసానిమీద ఆనకట్ట. మన పిల్లలు దూరమునుండి చూచి పొగయని యనుకొను తెల్లని మేఘములు పొగకావు. చల్లార్పు గోపురములనుండి లేచు నీటియావిరి. పొగ వచ్చునది సన్నని పొడవైన గొట్టమునుండి. పాత కేంద్రపు గోపురములు ఎనిమిదింటిని, వాని పని తీరినందున, 2024 ఆగస్టు 5వ తేదీన మందుపెట్టి కూల్చివేసిరి. 2018లో వచ్చిన 800 మెగావాట్ల కొత్త యంత్రము పనిచేయుచున్నది. మధిరలో మన చదువుబల్లమీది దీపము ఈ కేంద్రపు విద్యుత్తుతోనే వెలుగుచున్నదని చెప్పుటకు వీలులేదు, ఏలయన అన్ని కేంద్రముల విద్యుత్తును ఒకే తీగెలవలలో కలియును. కాని ఆ దీపములో కిన్నెరసాని యడవి పాలు బొత్తిగా లేదనుటకును వీలులేదు. అడవి నేలను పట్టియుంచనిచో వానకు కొట్టుకొనివచ్చిన మట్టి జలాశయమున పూడును. పూడినంతమేర నీరు తగ్గును. అడవివలన మనకు ప్రయోజనమేమని అడుగువారికి ఇది చాలునని నేననను. అయితే అడుగువారు సాధారణముగా ఈ లెక్కను వినరు.

ఇక జలాశయము. దీని పూర్తి నీటిమట్టము 407 అడుగులని పత్రికలలో చదువుచుందుము. ఈ యంకె చూచి, కట్టమీద నిలిచిన పిల్లలు తమ క్రింద 407 అడుగుల లోతు నీరున్నదని భయపడుదురు. అది లోతు కాదు. సముద్రమట్టముతో పోల్చిన ఎత్తు. భద్రాచలము దగ్గర గోదావరికి చెప్పు 43, 48, 53 అడుగుల ప్రమాదసూచికలు వేరు. అవి అక్కడి నదిలో పాతిన కొలతకంబముమీది లెక్క. ఈ రెండు కొలతలను కలిపి పోల్చరాదు. కిన్నెరసాని జలాశయములో పట్టు నీరు 8.4 టీఎంసీలు. ఒక టీఎంసీ యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. తక్కిన గుణకారము గణితపు తరగతికి విడిచిపెట్టుచున్నాను. తలిదండ్రులు గమనింపవలసిన దేమనగా, వానకాలమున ఎగువ కొండలలో వాన హెచ్చిన దినమున నీరు 407కు చేరక మునుపే గేట్లు ఎత్తుదురు. అప్పుడు దిగువ వాగు గంటలోపల రూపు మార్చుకొనును. కావున ఆ కాలమున పిల్లలను ఇచ్చటికి తీసికొనిపోము. అడవి ఆకుపచ్చగా నిండియుండునది అప్పుడే యగుట నిజమే, అయినను తీసికొనిపోము. నవంబరు చివరినుండి జనవరి వరకు తగిన కాలము. ఉదయము మంచు, మధ్యాహ్నము ఎండ మితముగా నుండును, నీరు తేటపడియుండును.

విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని పాటలను చదివినవారికి ఈ యేటి పేరు వెనుకనున్న కథ తెలిసియే యుండును. అత్తచేత నిందపడిన కోడలు అడవిలోనికి పోయి దుఃఖమున కరగి నీరైనది, భర్త శిలయైనాడు. ఆ కథ తలచుకొని ఏటిని చూచినచో చూపు వేరగును. కాని నీటిలో దిగుటకు మాత్రము ఆ కథ ఆహ్వానము కాదు, ఏలయన ఈ నీటిలో మొసళ్లున్నవి.

మొసలిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పుట అవసరము. మన శరీరము లోపలినుండి వేడిని పుట్టించుకొనును. మొసలికి ఆ శక్తి లేదు. చలికాలపు ఉదయమున అది నీటినుండి గట్టుకెక్కి, కదలక మెదలక ఎండ కాగుచుండును. జలాశయము నడుమనున్న దీవుల అంచులను ఓపికతో చూచినచో, ఎండిన మానుమొద్దు అనుకొన్నది కొంతసేపటికి నోరు తెరచును. ఆ నోరు తెరచుట కోపము కాదు, ఆకలి కాదు. ఒంటి వేడి హెచ్చినప్పుడు నోటి లోపలి తడి చర్మముద్వారా చల్లబడుటకు అది చేయు ఉపాయము. ఎండకాలమునకు ముందు ఆడమొసలి గట్టున గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టి పూడ్చును. ఆ గుంటలోని వేడిమినిబట్టి పిల్లలు ఆడవియో మగవియో నిర్ణయమగును. పిల్లలు గ్రుడ్లలోనుండియే అరచుట విని తల్లి గుంటను త్రవ్వి, అంతటి పండ్లున్న నోటిలో వానిని సుకుమారముగా పట్టుకొని నీటికి చేర్చును. ఈ సంగతి తరగతిలో చెప్పినపుడు పిల్లలు నమ్మరు. చెఱువుగట్టున నిలువబడి చెప్పినపుడు నమ్ముదురు, నమ్మి రెండడుగులు వెనుకకు జరుగుదురు. రెండును మంచివే. నీటి యంచునుండి పది గజములు ఎడముగ నుండుట మా నియమము. చేతులు కడుగుకొనుటకును నీటికి దిగరాదు. పడవ యెక్కుట యున్నచో ప్రతివారును తేలు చొక్కా తొడిగి, దాని పట్టీలు బిగించిన పిమ్మటనే. చొక్కా చాలని యెడల ఆ విద్యార్థి గట్టుననే యుండును, అతనితో ఒక ఉపాధ్యాయుడును ఉండును.

అడవిలో ముందుగా చూడవలసినవి చెట్లు. అవి పారిపోవు. ఇది ఆకు రాల్చు అడవి. ఎండకాలమున నీరు కరవగును. ఆకులున్నచో వానిద్వారా నీరు ఆవిరియై పోవుచుండును. కావున చెట్టు తన ఆకులను తానే విడిచి ప్రాణమును కాపాడుకొనును. మార్చిలో చూచినవాడు అడవి చచ్చినదనుకొనును. టేకు ఆకు చేటంత వెడల్పు. రాలియున్న లేత యాకునొకదానిని తీసి అరచేతిలో నలిపినచో చేయి ఎఱ్ఱబారును. టేకును గుర్తుపట్టుట కింతకన్న సులువైన మార్గము లేదు. కొమ్మనుండి త్రుంచరాదు, నేలమీదిది చాలును. తునికి యాకు బీడీలు చుట్టుటకు పోవును. ఎండలు ముదిరిన నెలలలో దాని కోత సాగును. ఇప్పచెట్టు పూలు రాత్రివేళ రాలును, తెల్లవారకముందే గంపలతో ఏరుకొందురు. ఎలుగుబంటికిని అవి మిక్కిలి యిష్టము, కావున ఆ వేళ ఇప్పచెట్టుక్రిందికి పోవువారు గుంపుగా మాటలాడుకొనుచు పోవుదురు. బిల్లుడు, ఏగిస, మోదుగ, వెదురు మొదలగువాని నన్నిటిని ఒక్కదినములో నేర్వనక్కరలేదు. ఒక్క నల్లమద్దిని మాత్రము తప్పక చూడవలెను. దాని బెరడు మొసలి వీపువలె గళ్లుగళ్లుగా పగిలియుండును. కొన్ని నల్లమద్ది మ్రాకులు తమ బోదెలో నీటిని దాచుకొనును. 2024 మార్చిలో పాపికొండల యడవిలో, కొండరెడ్లు చెప్పగా విని, అటవీశాఖవారు ఒక నల్లమద్ది బెరడును కొంచెము కోయగా నీరు కొళాయినుండివలె చిమ్మినది. ఆ వార్త దేశమంతట పాకినది. కొండరెడ్లకది వార్త కాదు. మనము చూచుటకు కత్తి అక్కరలేదు, బెరడుమీద చేయివేసి చూచిన చాలును.

తరువాతవి జంతువులు. ఇచ్చట తలిదండ్రులకును పిల్లలకును నిర్మొగమాటముగా చెప్పవలసినది, పగటివేళ పోయినవారికి జంతువులు కనబడుట అరుదు. చుక్కల దుప్పి, కణితి, అడవిపంది, కొండముచ్చు, ఎలుగు, చిరుత, నక్క ఈ యడవిలో ఉండునవి. వీనిలో కొండముచ్చును, అదృష్టముండినచో దుప్పులును కనబడవచ్చును. తక్కినవి మనలను చూచును, మనము వానిని చూడము. అవి ఉన్నవనుటకు గురుతులను చదువుట నేర్వవలెను. తడినేలమీద రెండుగా చీలిన గిట్ట ముద్ర దుప్పిదో కణితిదో అయియుండును. మెత్తని యరికాలి ముద్రలో గోళ్ల గుర్తులున్నచో అది కుక్కజాతిది, గోళ్లు లేనిచో పిల్లిజాతిది, ఏలయన పిల్లులు నడచునపుడు గోళ్లను లోపలికి ముడుచుకొనును. చెట్టు బెరడుమీద నిలువు గీరలు ఎలుగు ఎక్కినదని చెప్పును. దుప్పికొమ్ము నేలమీద దొరకినంతమాత్రమున అక్కడ దుప్పి చచ్చినదని తలపరాదు. ఆవు కొమ్మువలె గాక, దుప్పి కొమ్ములు ఊడిపోయి మరల క్రొత్తవి మొలచును. దొరికిన కొమ్మును ఇంటికి తెచ్చుట చట్టరీత్యా నేరమని మాత్రము గుర్తుంచుకొనవలెను.

చెవులకు కన్నులకన్న ఎక్కువ పని యుండును. కొండముచ్చులు చెట్టుమీద నుండి ఆకులు త్రుంచి సగము తిని సగము పారవేయును. దుప్పులు క్రింద చేరి ఆ రాలిన యాకులను తినును. చిరుతను ముందుగా చూచునది పైనున్న కొండముచ్చు, వాసన ముందుగా పట్టునది క్రిందనున్న దుప్పి. ఒకదాని కేక రెండవదానికి హెచ్చరిక. ఈ స్నేహమునకు ఒడంబడిక లేదు, లాభము మాత్రము ఇరువురికిని కలదు. ఇట్టి కేకను వినవలెనన్నచో మనము ఊరకుండవలెను. మా తరగతులకు పెట్టుకొన్న నియమము, అడవిలో ఒకచోట పది నిమిషములు ఎవరును నోరు విప్పక కూర్చుండుట. మొదటి మూడు నిమిషములు పిల్లలు ఒకరినొకరు చూచుకొని నవ్వుదురు. అయిదవ నిమిషమున నవ్వు ఆగును. ఆ తరువాత వినబడిన శబ్దములను నోటుపుస్తకమున వ్రాయుమన్నచో, ఆరవ తరగతి బాలికయొకతె "ఎండుటాకు మీద ఎండుటాకు పడిన చప్పుడు" అని వ్రాసినది. బస్సులో పాటలపెట్టె పెట్టుకొని వచ్చిన గుంపునకు ఇది దొరకదు. పాటలకు నేను వ్యతిరేకిని కాను. పాల్వంచవరకు పాడుకొనవచ్చును, తరువాత కట్టివేయవలెను.

కోతుల విషయము మన మండలమువారికి వేరుగ చెప్పనక్కరలేదు, చేలమీద పడి పంటలు పాడుచేయుట కన్నులార చూచుచున్నాము. అడవిలోని కోతికి అరటిపండు విసరుట దయయని తలచువారు ఇది యోచింపవలెను. చేతి తిండి మరగిన కోతి అడవిలో వెదకుకొనుట మానును, రోడ్డుప్రక్కన కాచుకొని కూర్చుండి లారీలక్రింద పడును, లేదా ఊరిమీదికి వచ్చును. కార్తీకమాసపు వనభోజనములు మన జిల్లాలో ముచ్చటయైన ఆచారము. మామిడితోపులో పొయ్యి పెట్టి వండుకొనుటలో తప్పులేదు. అభయారణ్యమున పొయ్యి వెలిగింపరాదు, అగ్గిపుల్ల గీయరాదు. రాలిన టేకాకు మోకాలిలోతు పేరుకొన్న నేలమీద ఒక్క నిప్పురవ్వ చాలును. భోజనము ఇంటినుండియే తెచ్చుకొనవలెను. స్టీలు డబ్బాలలో తేవలెను, ప్లాస్టికు సంచులలో కాదు. ఉప్పును నూనెయు అంటిన సంచిని కణితులు మ్రింగును. అది వాని కడుపులో అరుగదు, బయటికి రాదు.

ఈ యడవి జంతువులది మాత్రమే కాదు. దీని లోపలను చుట్టును కోయల గూడెములు కలవు. కోయల భాష గోండీకి దగ్గర చుట్టము, తెలుగునకు దూరపు చుట్టము. చాలమంది రెండును మాటలాడుదురు. అడవి హద్దులను ప్రభుత్వమువారు గీయుటకు ఎంతో ముందునుండి వారిచ్చట నున్నారు. ఆ సంగతిని గుర్తించియే 2006వ సంవత్సరమున అటవీహక్కుల చట్టము వచ్చినది. పట్టాలను గూర్చియు, పోడును గూర్చియు వాదములు ఇంకను తెగలేదు. అవి విద్యార్థులు ఒక్కదినములో తీర్పుచెప్పదగిన వాదములు కావు. పాఠశాల పిల్లలు పాటింపవలసిన మర్యాద మాత్రము స్పష్టము. గూడెము ప్రదర్శనశాల కాదు. ఇంటి ముంగిట కూర్చున్న ముసలమ్మను అడుగక ఫోనుతో చిత్రము తీయరాదు. మన వీథిలోనికి క్రొత్తవారు బస్సు దిగి వచ్చి మన వంటింటి చిత్రము తీసినచో మనమెట్లు చూతుమో అట్లే వారును చూతురు. చెట్ల పేర్లు అడుగవచ్చును. "అవ్వా, ఈ చెట్టును మీరేమందురు?" అని అడిగిన పిల్లవానికి మా పాఠ్యపుస్తకములో లేని పాఠము దొరకుటను నేను చూచితిని. ఆమె ఆ చెట్టు పేరు చెప్పి ఊరకొనలేదు. దాని బెరడు దేనికి, పండు ఎప్పుడు, ఆ నీడలో ఎవరు పండుకొందురో కూడ చెప్పినది.

మధ్యాహ్నము మూడున్నరకు అందరును బస్సు దగ్గరకు చేరవలెను, నాలుగింటికి బస్సు కదలును. ఇంకొక గంట యుండరాదాయని ప్రతి సంవత్సరమును అడుగుదురు. ఉండరాదు. ప్రొద్దు వాలగానే కణితులు నీటికి దిగును, ఎలుగులు పొదలనుండి బయలుదేరును. పగలు మనకు విడిచిపెట్టిన నీటిని సాయంకాలము వానికి విడిచిపెట్టవలెను. అదియునుగాక చీకటిలో అడవిరోడ్డుమీద బస్సు వేగముగా పోయినచో దెబ్బతినునది ఎవరో చెప్పనక్కరలేదు.

ఈ సంవత్సరము రాదలచిన విద్యార్థులు తలిదండ్రుల సమ్మతిపత్రముతోపాటు ఒక నోటుపుస్తకము, పెన్సిలు, మూత గట్టిగానుండు నీళ్లసీసా, పాదమును పూర్తిగ కప్పు చెప్పులు, టోపియో తువ్వాలో తెచ్చుకొనవలెను. ఎఱ్ఱని, మెఱయు బట్టలు వలదు. ఆకురంగు, మట్టిరంగు మేలు. ఆస్తమావంటి జబ్బులున్నవారు మందు వెంటనుంచుకొని ముందుగానే తరగతి ఉపాధ్యాయునితో చెప్పవలెను. మరునాటి సోమవారమున ప్రతివారును మూడు సంగతులు వ్రాసి ఇయ్యవలెను: గుర్తుపట్టిన చెట్టొకటి, విన్న శబ్దమొకటి, పేరు తెలియక మిగిలిపోయినదొకటి. మూడవదానికే మార్కులు ఎక్కువ.